నాలుగడుగుల మహాసంగ్రామము

ఆ ఉదయమున ఆకాశమేమి చేయుచుండెననగా, ఏమియు చేయక ఊరకుండెను. కురియుదునా మానుదునా యని ఎటూ తేల్చుకొనలేని బూడిదవన్నె మేఘమొకటి వడ్రంగి యింటి రేకులకప్పుపై మోచేతులానించి లోనికి తొంగిచూచుచుండెను. వినుడు, శ్రోతలారా! రాజ్యములకొరకును రత్నములకొరకును పారిన రుధిరనదుల గాథలు మీరెన్నో వినియుందురు. ఒక ఆడుపిల్ల నడినెత్తికిని ఒక పెన్సిలుగీతకును నడుమ, సాక్షాత్తు వంటింటి గుమ్మమున, పొయ్యిమీద పాలు కాగుచుండగా జరిగిన ఘోరసంగ్రామమును మాత్రము వినియుండరు. చెప్పెదను.

ఆ గృహము ద్విరాజధానీవిరాజితము. ముందుగది కుట్టుమిషనుది. అందు సూచీముఖవిదారితవస్త్రారణ్య యగు ఇల్లాలు ఏలుచుండెను. వెనుకవసారా రంపములది. అందు దారుఖండనప్రచండుడును, కర్ణశిఖరవిన్యస్తలేఖినీధరుడును నగు వడ్రంగి ఏలుచుండెను. అతడు మాటల పిసినారి. బల్లకు నాలుగు కాళ్ళు చాలినట్లు మనిషికి దినమునకు నాలుగు మాటలు చాలునని అతని నమ్మకము. ఏడాది పొడుగునా కోతమిషను రొద అతని చెవులలో కాపురముండెను. మిషను ఆపినను ఆ రొద ఆగదు. కావున సెలవులలో ఇంటిల్లిపాది మరునాడు పోదలచిన ఆ యొక్కనాటి విహారమున అతడు కోరినది ఒక్కటే: కొండమీది అడవిలో, నీరు పడు చప్పుడు తప్ప వేరొండు వినబడని జలపాతము దాపున, ఒక పూట ఊరక కూర్చుండుట.

కాని హా! ఆ కొండకు దిగువనే వినోదపుపార్కు వెలసియుండెను. అందు గగనతలవిఘూర్ణనభీకరమగు ‘ఆకాశపుబండి’ కలదు. నాలుగడుగులకు తక్కువైనవారిని దానిపై ఎక్కనీయరు. గతసారి ఆ యింటి చిన్నకూతురిని, బుడంకాయ యను బిరుదు వహించినదానిని, గేటువాడు భుజము పట్టి ప్రక్కకు నిలిపెను. అన్న పైన గిరగిర తిరుగుచు చేతులూపుచుండగా ఆమె నాయనమ్మ ప్రక్కన బెంచీపై కూర్చుండి, పోవువారి జాలిచూపులన్నియు బాణములవలె భరించెను. ఆనాడే శపథము పట్టెను.

పార్కును జలపాతమును ఒక్కదినమున చుట్టివచ్చుట వీలుపడదని తేలెను. ఎవరి దారిన వారు పోవుట అను ఆలోచన ఆ యింట ఎన్నడును ఎవరికిని తట్టినది కాదు. కావున సంధి కుదిరెను: బుడంకాయ నాలుగడుగులున్నచో అందరును పార్కు, లేనిచో అందరును కొండ. వడ్రంగి తల ఊపెను. కన్నకూతురు పొట్టిగా ఉండవలెనని కోరుకొను తండ్రి లోకమున తానొక్కడే కాబోలునని లోలోపల సిగ్గుపడుచునే ఊపెను.

తొలుత తల్లి కదనరంగమున దూకెను. మెడలో సదా వ్రేలాడు గుడ్డటేపును, ఆ పసుపుపచ్చని పాశమును, గాలిలో ఝళిపించి, బిడ్డను మడమ మొదలు మాడు వరకు రెప్పపాటున కొలిచి, ఎలుగెత్తి చాటెను:

“నాలుగడుగులా ఒక వేలు! అయిపోయింది, బ్యాగులు సర్దండి.”

అంత అన్న, పరిహాసగదాధరుడై, అడ్డము వచ్చెను. “అమ్మా, ఆ వేలెక్కడిదే?”

“పెరిగే పిల్లరా. కాస్త వదులు పెట్టొద్దూ?”

“వదులు గౌనుకి పెడతారు. మనిషికి పెడతారా ఎక్కడైనా?”

తల్లి నాలుక కరచుకొనెను. ఏండ్ల తరబడి గౌనులు కుట్టిన చేయి తనంతట తానే వేలు కలిపివేసినది.

అప్పుడు వడ్రంగి లేచెను. అతని నడుమునుండి ఉక్కుటేపు, లోహభుజంగమువలె సర్రున బుసకొట్టుచు వెడలి, బిడ్డ వెన్నంటి నిలువున సాగెను. అతడు చూచెను. మరల చూచెను. పలికెను:

“నూలు తక్కువ.”

అంగుళమున ఎనిమిదవ పాలును ఆ పనివారు నూలందురు. ఆ మాటకు జలపాతము కొండమీద కాక బుడంకాయ కన్నులలోనే ఉబికెను.

“ఆగండాగండి,” అని ఇల్లాలు కొంగు బిగించెను. “చెక్కకి తీసినట్టు రంపం తినేది తీసేసి చెప్పారు కదూ?”

వడ్రంగి టేపును చూచెను. తన చేతిని చూచెను. “అలవాటు,” అనెను.

గుమ్మము ప్రక్కన కత్తిపీట ముందు కూర్చున్న నాయనమ్మ, ధర్మాసనాధ్యక్షురాలై, వంకాయ ముచ్చికతో తీర్పు చెప్పెను. “అది కలిపింది, వీడు కోశాడు. పిల్లని మాత్రం ఎవరూ కొలవలేదు. గుమ్మానికి గీత గియ్యండిరా, తేలిపోద్ది.”

నేలనుండి సరిగా నాలుగడుగులని రెండు టేపులును ఏకీభవించిన చోట వడ్రంగి చెవిమీది పెన్సిలు దించి గుమ్మమునకు గీత గీసెను. ఈలోపల ముఖము కడుగుకొను నెపమున లోనికేగిన బుడంకాయ, శైలశిఖరమును బోలు కొప్పు నడినెత్తిన వెలయ, వీరలక్ష్మివలె మరలి వచ్చి గుమ్మమునకు వీపు చేర్చెను. తండ్రి ఆమె తలపై, వాలు తేల్చు రసమట్టమును పెట్టెను. గాజుగొట్టములోని బుడగ తప్పతాగినవానివలె ఒక ప్రక్కకు తూలిపోయెను.

“కొప్పులో ఏం పెట్టావే?” అని అన్న గర్జించెను.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే టకటకమంటుందేంటి?”

“నా జుట్టు, నా ఇష్టం!”

“జుట్టు నీదే. దారపు రీలు అమ్మది. తియ్యి!”

కొప్పు కూలెను. రీలు దొరలి, గచ్చుపై దారము వదలుచు, పరాజితసేనాపతివలె మంచము క్రింద దాగెను. నాయనమ్మ నవ్వాపుకొనలేక వంకాయ జారవిడిచెను. బుడంకాయ మాత్రము నవ్వలేదు, ఏడ్వలేదు. జుట్టు విప్పుకొని, మడమలు నేలకానించి, గడ్డమెత్తి మరల నిలిచెను.

రసమట్టము రెండవమారు దిగెను. ఈసారి బుడగ నట్టనడుమ నిలిచి కదలలేదు. నాలుగు తలలు ఒక్కచోటికి చేరి గీతను చూచినవి. అయ్యో దైవమా! మట్టము గీత క్రింది అంచును దాటినది, పై అంచును అందలేదు. సరిగా గీతలోనే నిలిచినది.

“గీత దాటలేదు. కొండకే!” అని అన్న.

“గీత మీదికెక్కింది కదరా, కళ్ళు కనపడట్లేదా?” అని తల్లి.

“మీరు కాదు, గీసినోడు చెప్పాలి,” అని నాయనమ్మ కత్తిపీట మడిచెను. “ఏరా, నీ కొలత గీత పైనా, కిందా?”

పైన అన్నచో ఎవరు కాదనగలరు? గీత అతనిది, పెన్సిలు అతనిది. ఏకైకపదోచ్చారణమాత్రమున అడవి అతనిది, నీటిచప్పుడు అతనిది, చెవులలోని రొద కాసేపైనను కడిగివేయు ఆ చల్లని తుంపర అతనిది. అట్లు ఒకవైపు పచ్చని కొండయు, మరొకవైపు ఊపిరి వదిలినచో కుంగిపోదునేమోయని బుగ్గలుబ్బించుకొని ఊపిరి బిగబట్టిన చిన్నకూతురును, నడుమ మొద్దుపెన్సిలు గీచిన లావుపాటి నల్లని గీతయు ఉండగా, ఆ మితభాషి ఆ దినపు మాటలన్నియు ఒక్కచోటనే ఖర్చుపెట్టెను.

“కింద. కొలత కింది అంచుకి పెట్టా. గీత దాని పైకి గీశా. దాటింది.”

జయము! జయము! పెన్సిలుగీత మందములో సగమంత జయము! బుడంకాయ ఊపిరి వదలెను. ఆ గాలికి రసమట్టము జారగా తండ్రి ఒడిసిపట్టెను. తల్లి ఆమెను ముద్దాడెను. పొయ్యిమీది పాలు సైతము ఆనందభరితములై పొంగి పొరలెను, ఎవరును చూడలేదు.

“సరే తల్లీ, గెలిచావు,” అని అన్న దండము పెట్టెను. “బండిలో నా పక్కనే కూర్చో. మధ్యలో దిగుతానంటే మాత్రం దింపరు.”

“నేను ఎక్కను,” అనెను బుడంకాయ.

దండము పెట్టిన అన్న చేతులు దించెను.

“అదేంటే? మరి ఇంత గొడవ దేనికి?”

“ఎక్కలేకపోవడం వేరు, ఎక్కకపోవడం వేరు. అది అంత ఎత్తున తలకిందులవుతుంది. నాకు కడుపులో తిప్పుద్ది.”

“అందరం పార్కుకి పోతుంటే ఒక్కదానివి ఏం చేస్తావే?”

“మీరు పార్కుకెళ్ళండి. నేనూ నాన్నా కొండెక్కుతాం. సాయంత్రం బస్సు దగ్గర కలుద్దాం.”

ఆ యింట ఎన్నడును ఎవరికిని తట్టని ఉపాయమది. తల్లి నాయనమ్మను చూచెను. నాయనమ్మ తల ఊపెను. వడ్రంగి ఏదో అనబోయి, ఆనాటి మాటలు అయిపోయినందున, రసమట్టము తుడిచి మూలను పెట్టెను.

మధ్యాహ్నమున అందరును నేలపై వరుసగా కూర్చుండిరి. వేడి అన్నము, వంకాయకూర. వడ్రంగి రెండవమారు అన్నము పెట్టించుకొనెను. ఇల్లాలు అతని కంచము వంక చూచి, అడుగకయే మూడవమారు కూడ వడ్డించెను.