తూనీగ మొదటి పేజీకి నేను చెప్పిన సవరణ

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని, ఒత్తులు నాకింకా పూర్తిగా లొంగలేదు. ఆలస్యానికి కూడా మన్నించాలి. నేను ఒక వాక్యం రాసేలోపు మా కోడలు కుక్కర్ దించి మళ్లీ ఎక్కిస్తుంది.

నేను చదువు నేర్చుకున్నది అమీర్‌పేటలో మా బాల్కనీలోంచి. ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డులు. కోడలు సంహిత అక్షరాలు చూపిస్తుంటే నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ‘ఉచిత డెమో’. పోయిన మా ఆయన ఉండుంటే సంతోషించేవారు. ఉచితమంటే ఆయనకు ప్రాణం.

మా అబ్బాయి తారక్, సంహిత ఇద్దరూ బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. సంహితది బెజవాడ. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ‘తారక్ గారూ’ అన్నదంటే కోపమొచ్చిందని అర్థం. అప్పుడు నేను టీవీ సౌండు తగ్గిస్తాను, సరిగా వినిపించాలని.

ఈసారి తగవు తూనీగ దగ్గర మొదలైంది. తూనీగ అంటే కంప్యూటర్‌లో పేరుకున్న చెత్తాచెదారాన్ని సర్దే పనిముట్ల మూట. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా ‘దీన్ని ఇలా మార్చండి’ అని చెప్పవచ్చు. కొత్తవాళ్లకు దాన్ని పరిచయం చేసే మొదటి పేజీని తారక్ తెలుగులో రాశాడు. అది ఖాయమైతే ఆదివారం పంజాగుట్టలో జరిగే తూనీగ సభలో వేదికెక్కి మాట్లాడేది వాడే. ఆ సంగతి ఆఫీసులో మేనేజరుకూ, కింద ఇస్త్రీ బండి పోచయ్యకూ ముందే చెప్పేశాడు. కొత్త చొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చాడు.

ఆ పేజీ అచ్చం పెళ్లి శుభలేఖలా ఉంది. ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి తూనీగను ఆదరించ ప్రార్థన’ అని మొదలవుతుంది. అసలు పని కనిపించాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపాలి. తూనీగను నడిపే సంఘంలో సవరణలు చూసే బాధ్యత సంహితది. ఆమె దాదాపు ప్రతి వాక్యానికీ ఎర్రగీత పెట్టింది.

“ఏంటిది తారక్? సాఫ్ట్‌వేర్ వాడమంటున్నావా, భోజనానికి రమ్మంటున్నావా?”

“దీన్ని మర్యాద అంటరు. మీ బెజవాడల లేదా?”

“ఉంది. భోజనాలప్పుడు వాడతాం.”

“ఒక్క అక్షరం సుత మార్చను.”

“కనీసం నాలుగో అడుగూ ఐదో అడుగూ అటుదిటు చెయ్యండి, తారక్ గారూ.”

నేను టీవీ తగ్గించాను. కానీ వాడు అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

వాళ్ల సంఘంలో ఒక నియమం ఉంది. రాసినవాళ్లకూ దిద్దేవాళ్లకూ పడకపోతే, బొత్తిగా కొత్తవాళ్లెవరైనా ఆ పేజీ చదివి చెప్పిన మాటే చెల్లుతుంది. శనివారం పొద్దున సంహిత కూరగాయలకు వెళ్లగానే తారక్ నా పేరుతో ఖాతా తెరిచాడు.

“అమ్మా, జర ఇక్కడ నొక్కు. ‘అంతా అర్థమైంది, మార్పులొద్దు’ అని ఉంది చూడు.”

“చదవకుండ ఎట్ల నొక్కుత బిడ్డా? చదవకుండ ఏలిముద్రలు మస్తు ఏసిన.”

“ఫికర్ చెయ్యకు. రాసింది నేనే కద.”

“అందుకే చదువుతనంటున్న.”

వాడు నుదురు కొట్టుకుని, ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, ఛాయ్ తాగొస్తానని పోయాడు.

నేను చదివే పద్ధతి మీకు చెప్పాలి. ఒక వాక్యం చదువుతాను. అది చెప్పిన పని చేస్తాను. తర్వాత రెండో వాక్యానికి వెళ్తాను. ముందేముందో తొంగిచూసే వేగం నాకు లేదు.

శుభలేఖ దాటి అసలు పనిలో పడ్డాను. మూడో అడుగు: ‘ఏదైనా ఒక ఫోల్డర్‌ను ఎంచుకోండి.’ తెర మీద పేర్లన్నీ ఇంగ్లీషువి. తెలుగులో ఉన్నది ఒక్కటే, ‘ఆదివారం’. దాన్నే ఎంచుకున్నాను.

నాలుగో అడుగు: ‘ఖాళీ చెయ్యి అనే మీట నొక్కండి.’ నొక్కాను. శుభ్రంగా ఖాళీ అయింది. మంచి పనిముట్టే.

ఐదో అడుగు: ‘పై పని చేసేముందు లోపల ఉన్నవాటికి నకలు తీసుకోవడం మరవకండి. మీకు శుభం కలుగుగాక.’

అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది.

పేజీ అడుగున ‘మీ అభిప్రాయం’ అని ఒక గడి ఉంది. ఒక్కో అక్షరం వెతుక్కుని రాశాను: ‘ఐదోది నాలుగోదానికన్నా ముందు చెప్పాలి. మా అబ్బాయి ఆదివారం పోయింది. చంద్రమ్మ.’ పంపించాను.

తారక్ వచ్చేసరికి సంఘంవాళ్లు దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. వాడు తెర చూశాడు.

“అమ్మా! ఆదివారం ఏది?”

“రేపు.”

“నా ఉపన్యాసం మొత్తం అండ్లనే ఉండె!”

“నువ్వు ఖాళీ చేయమన్నవు, చేసిన.”

“తూనీగ తీసేస్తే మల్ల తెచ్చుడు రాదే!”

“అవ్, రెండో పేరాల నువ్వే గొప్పగ రాసినవ్.”

ఇంతలో సంహిత వచ్చింది. నా అభిప్రాయం ఆమె ఫోనుకు సొరకాయ బేరమాడుతుండగానే చేరిందట.

“ఆ ఫోల్డర్ నకలు నా దగ్గరుంది” అంది. “ఆ నాలుగో అడుగు చదివిన రోజే తీసిపెట్టాను.”

“మరి ఇయ్యి!”

“ముందు నా సవరణలన్నీ ఒప్పుకోండి, తారక్ గారూ. ఒక్కొక్కటీ చదివి నొక్కాలి, అత్తయ్యలాగా.”

వాడు సోఫాలో కూర్చుని నొక్కాడు. సకుటుంబం పోయింది. సపరివారం పోయింది. చివరికి శుభం కూడా కలగకుండా పోయింది. మిగిలిన పేజీని నేను టీ చల్లారేలోపు చదివి, ‘అర్థమైంది’ అని నొక్కాను. పేజీ ఖాయమైంది.

సంహిత మాట తప్పలేదు, ఫోల్డర్ ఇచ్చింది. వాడు తెరిచి చూసుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఆ ఉపన్యాసమంతా ఇందాక తీసేసిన మర్యాదల గొప్పతనం గురించే.

“రేపు నేనేం మాట్లాడాలె సంహితా?”

“ఏమీ అక్కర్లేదు. నన్ను మాట్లాడమని సంఘంవాళ్లు ఇప్పుడే రాశారు. నువ్వు తెర మీద పేజీలు తిప్పు, చాలు.”

“మరి నా కొత్త చొక్కా?”

“వేసుకో. లైట్లు ఆర్పేస్తారులే.”

ఆదివారం సభలో సంహిత చక్కగా మాట్లాడింది. తారక్ చీకట్లో నిలబడి చక్కగా తిప్పాడు. చివర్న ఆ పేజీకి పనిచేసినవాళ్ల పేర్లు తెర మీదికొచ్చాయి. ముందు వరసలో కూర్చున్న నేను వాటిని పైకే కూడబలుక్కున్నాను. నేను ముగించేదాకా హాలంతా ఆగింది.

సవరణలు: సంహిత. పరీక్షించినవారు: చంద్రమ్మ. ల్యాప్‌టాప్ ఇచ్చినవారు: తారక్.

ఇట్లు,
చంద్రమ్మ, అరవై ఏడేళ్లు,
ప్రస్తుతం కొడుకూ కోడలి దగ్గర, అమీర్‌పేట