రెండో మెట్టు దాకా నీళ్ళు

ఆ ఉదయం అనువాదకురాలి పథకం చాలా చిన్నది. ఒకే ఒక్క ఫ్రెంచి వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి మధ్యాహ్నం పన్నెండుకల్లా సంపాదకుడికి చెప్పాలి, అంతే. తొమ్మిదేళ్ళుగా మందుసీసాల కాగితాలూ, మిక్సీల వాడుక పుస్తకాలూ అనువదించి విసిగిపోయిన మనిషికి మొదటిసారి ఒక నవల దక్కబోతోంది. నవలకు అదే మొదటి వాక్యం: నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చాయి. ఇంతకన్నా తేలికైనది ఉంటుందా! అయినా సంపాదకుడు రెండుసార్లు తిప్పికొట్టాడు. "అర్థం సరిపోయింది మేడమ్, కానీ ఇంగ్లీషులో ప్రాణం లేదు," అన్నాడు. పన్నెండులోగా ప్రాణం రాకపోతే నవల ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా మర్యాదగానే చెప్పాడు.

వాక్యం సహజంగా ఉందో లేదో తేల్చడానికి ఆవిడకో పద్ధతి ఉంది. ఏమీ తెలియని మనిషితో ఆ మాట అనేసి మొహం చూడాలి. నమ్మితే సహజం. "ఏ పుస్తకంలోది?" అని అడిగితే చెత్తబుట్ట. పొద్దుట్నుంచీ ఈ పరీక్షకు అత్తగారే గతి. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయ్యేళ్ళు రకరకాల ఇంగ్లీషు విన్న మనిషి.

"ద వాటర్ హాజ్ మౌంటెడ్ అంటిల్ ద సెకండ్ స్టెప్," అంది కోడలు, వంటింటి గుమ్మంలో నిలబడి.

"గుర్రమెక్కినట్టుంది," అన్నారు అత్తగారు.

"ద వాటర్ హాజ్ రీచ్‌డ్ ద సెకండ్ స్టెప్?"

"రైలొచ్చినట్టుంది. నాతో లాభం లేదమ్మాయ్, నాకు నీళ్ళ సంగతి తెలిసిపోయింది. కొత్తవాళ్ళనెవరినైనా పట్టుకో."

కొత్తవాళ్ళంటే కింద సెల్లార్లో క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరుగారే. కిటికీ లేని గది, ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి. కోడలు ఫోన్ చేసి, హలో అయినా అనకుండా, "వాటర్ ఈజ్ అప్ టు ద సెకండ్ స్టెప్!" అంది.

"మై గాడ్! ఇన్ ద స్ట్రీట్?" అంటూనే అవతల ఫోన్ కింద పడిన చప్పుడు.

"నమ్మేశారు అత్తయ్యా! నమ్మేశారు!" కోడలు సంతోషం పట్టలేక అత్తగారిని కావలించుకుని గిర్రున తిప్పేసింది.

"నమ్మినాయన ఊరికే కూర్చుంటాడా?" అన్నారు అత్తగారు, ఇంకా తిరుగుతూనే.

కోడలు ఆవిణ్ణి అక్కడే వదిలేసింది. ఒక్క పరుగున సెల్లార్లోకి దిగింది. అక్కడ డాక్టరుగారూ, కాంపౌండరూ, దవడకు మత్తిచ్చిన పేషెంటూ కలిసి పళ్ళు పీకే కుర్చీని పెకలిస్తున్నారు. ఆ కుర్చీ అంటే డాక్టరుగారికి ప్రాణం. కంగారులో ఆయన ఇంగ్లీషంతా ఎగిరిపోయి మాతృభాష ముంచుకొచ్చింది.

"పట్టండయ్యా! ఎత్తండి!"

"ఆగండి డాక్టరుగారూ! నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు! అది నవల్లో వాక్యం!"

"మునిగిపోతుంటే నవలేంటమ్మా! ఊఁ, ఎత్తండి!"

పేషెంటు మొద్దుబారిన నోటితో "ఆఁ... ఊఁ..." అంటూ కుర్చీ కింది నీళ్ళ పైపు చూపించాడు. పాపం, ఎవరికీ అర్థం కాలేదు. ముగ్గురూ కలిసి ఒక్క ఊపు ఊపారు. పైపు ఫట్‌మంది. నిండుగా ఉన్న మేడమీది ట్యాంకు మొత్తం సెల్లార్లోకి దిగడం మొదలుపెట్టింది.

వాల్వు ఎక్కడుందో ప్లంబరుకొక్కడికే తెలుసు. కోడలు అతనికి ఫోన్ చేసింది.

"నీళ్ళేగా మేడమ్!" ప్లంబరు హాయిగా నవ్వాడు. "నీళ్ళొచ్చాయని ఎవరు చెప్పినా నమ్మొద్దని మీ అత్తగారు ఇప్పుడే అందరికీ ఫోన్లు చేసి చెప్పారు."

అతన్ని బతిమాలుతుండగానే పన్నెండైంది. పెట్టేసిన ఫోన్ మళ్ళీ మోగింది. సంపాదకుడు.

"మేడమ్, వాక్యం ఏదీ?"

ఆవిడ సెల్లార్ మెట్ల మీద నిలబడి కిందికి చూసుకుంది. పొద్దుట్నుంచీ నోట్లో నానుతున్నది ఇంగ్లీషే కాబట్టి కేక కూడా ఇంగ్లీషులోనే వచ్చింది.

"ఇట్స్ అప్ టు ద సెకండ్ స్టెప్!"



"అబ్బబ్బ, ఏం వాక్యం మేడమ్!" అన్నాడు సంపాదకుడు. "నీళ్ళన్న మాటే లేదు, నా కాళ్ళు తడిసిపోయాయి! నవల మీదే!"

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో చెప్పులు తేలిపోయాయి.

"అయ్యో! ఇప్పుడు మూడో మెట్టండీ!"

"వద్దు మేడమ్," అన్నాడు సంపాదకుడు, "మూలంలో రెండే ఉంది. మనం పెంచకూడదు."