డేరాలో దొరసాని

తెల్లవారుతూనే కాశీనాథ్ బండికి ఎద్దులను కట్టి, చేవెళ్ళలోని కిరాణా దుకాణాన్ని తమ్ముడికి అప్పగించి, భార్య ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"సముద్రం చూపిస్తనంటివి గద," అంది భాగీరథి.

"బందరు మస్తు దూరమే. హిమాయత్‌సాగర్ గూడ సముద్రం లెక్కనే ఉంటది. అడవి ఉన్నది, అలలున్నయి, వాన గూడ వచ్చెటట్టున్నది. ఒడ్డుకు డేరా ఏస్త. రొట్టె నేనే చేస్త. నువ్వు నీళ్ళు చూసుకుంట వేడివేడిగ తిను."

ఆ చివరి మాటకే భాగీరథి బండెక్కింది. ఆ ఇంట్లో కోడలికి కంచం పెట్టేది అందరూ తిన్నాకే. పొయ్యి మీంచి దిగిన రొట్టె వేడిగా తింటే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడో మరిచిపోయింది. అత్తగారు సుమిత్రమ్మ గడపలో నిలబడి, "సముద్రం ఎట్లున్నదో వచ్చి చెప్పు," అని మూతి తిప్పింది.

మొయినాబాద్ దాటాక వాన పట్టుకుంది. కాశీనాథ్ కిరాయికి తెచ్చింది సర్కారు ఎప్పుడో హర్రాజు వేసిన డేరా. నిజాం రాజ్యంలో ఊరి బయట అలాంటి డేరా లేచిందంటే తహసీల్దారు ఊళ్ళ తనిఖీకి దౌరా మీద దిగినట్టే. సాగర్ ఒడ్డున మేకులు కొట్టేటప్పుడు ఆ సంగతి అతనికి తట్టలేదు. తడిసిన కట్టెలను పొయ్యిలో పెట్టి ఊదాడు. మంట రాలేదు గాని పొగ ధారాళంగా వచ్చింది. చివరికి భాగీరథే వంగి ఊదింది. అక్కడ మేకలు కాస్తున్న అంతమ్మ అనే ముసలావిడ కాసేపు చూసి ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

ఆ పొగను, డేరాను చూసి ఊరి పటేలు రాజమౌళి పరుగెత్తుకొచ్చాడు. వెనక పాలకుండ, నాలుగు కోళ్ళు, సగం ఊరు.

"దండం దొరా! కబురన్న పంపకపోతిరి?"

"నేను దొరను గాదన్నా. చేవెళ్ళల ఉప్పు, పప్పు అమ్ముకుంట."

రాజమౌళి జనం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మారువేషం. పోయినేడు వచ్చిన సారు గూడ గిట్లనే అన్నడు. జర పైలం!"

"కోళ్ళు తీస్కపోండ్రి. మేం తినం," అన్నాడు కాశీనాథ్ ఏడుపు గొంతుతో.

"కోళ్ళు ఒద్దంట! పొట్టేలును పట్టుకరాండ్రి!"

పొట్టేలు వచ్చింది. దాని వెనకే ఒక బావి తగాదా, కొట్టుకుపోయిన బాట మీద ఒక మొర వచ్చాయి. వదిలించుకోవడానికి కాశీనాథ్ "రేపు చూద్దాం" అన్నాడు. దొర రేపు బాట చూస్తాడట అని జనం పలుగూ పారా పట్టుకుని వానలోనే బాట పొయ్యడం మొదలుపెట్టారు.

ఈ గోలలో నీళ్ళూ కనబడలేదు, పొయ్యీ అంటుకోలేదు. డేరాలో భాగీరథి కళ్ళు తుడుచుకుంటూ, పొగ వల్లేనని తనకు తానే సర్దిచెప్పుకుంది. అప్పుడు వెనకవైపు గుడ్డ ఎత్తి అంతమ్మ లోపలికొచ్చింది. కొంగు కింద జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. రొట్టెలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"అవ్వా, నేను దొరసానిని గాదు."

"ఎర్కనే బిడ్డా. దొరసాన్లు పొయ్యి ఊదుతరా? తిను, సల్లారుతది."

ఎవరింటి రొట్టె అని భాగీరథి అడగలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుందో లేదో, బాగుపడిన బాట మీదుగా ఒక గుర్రం వచ్చింది. తడిసి ముద్దయిన మనిషి దిగి డేరా వైపు నడిచాడు. రాజమౌళి చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగు! లోపల దొరసాని బువ్వ తింటున్నది."

"ఎవరి దొరసాని?"

"తహసీల్దారు సాబ్ దొరసాని."

"కొత్త తహసీల్దారును నేనే. కిషన్‌రావు నా పేరు. మా ఇంటామె గుల్బర్గాల ఉన్నది."

కాశీనాథ్ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయింది హుజూర్! వేడి రొట్టె కోసం వచ్చినం!"

కిషన్‌రావు కోళ్ళను చూశాడు, పొట్టేలును చూశాడు, డేరా వైపు గాలి పీల్చాడు. "నా డేరా బండి బురదల దిగబడ్డది. పొద్దుగాల్నుంచి ఏం తినలే. రొట్టె ఇంక ఉన్నదా?"

ఆకలిగొన్న మగవాడి గొంతు వినగానే భాగీరథి అలవాటు కొద్దీ కంచం వదిలి లేవబోయింది. అంతమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "ఆడబిడ్డ తిన్నంక పెడత. జర నిలబడు సారూ."

తహసీల్దారు నిలబడ్డాడు. కాశీనాథ్ డేరా గుడ్డను పైకెత్తి పట్టుకున్నాడు. సాగర్ మీద వాన పడుతుంటే చూస్తూ భాగీరథి ఆఖరి ముక్క దాకా నిమ్మళంగా తిన్నది. కన్నతల్లి తర్వాత తనను కూర్చోబెట్టి తినిపించింది ఈమే అనిపించి, అంతమ్మ చేతులను కళ్ళకద్దుకుంది. తర్వాత కిషన్‌రావు తిని, ఎవరి కోళ్ళను వాళ్ళకు, పొట్టేలును దాని ఆసామికి ఇప్పించి, బాట బాగున్నదని పటేలును మెచ్చుకున్నాడు.

మర్నాడు ఇంటికి రాగానే సుమిత్రమ్మ అడిగింది. "ఎట్లున్నదే సముద్రం?"

"వేడివేడిగ ఉన్నదత్తా," అంది భాగీరథి.