యాసిడ్‌లో నానిన చాకులు

మర్నాడు తెల్లవారుజామునే ఎర్గష్ కూతురు హుల్కర్ పెళ్ళి పులావు విందు. చుస్త్ ఊళ్ళో ఆ పులావుకి కావలసిన క్యారెట్లు ముందురోజు సాయంత్రమే వాడంతా కూడి తరుగుతుంది. మామూలుగా ఎవరి చాకు వాళ్ళు తెచ్చుకుంటారు. కానీ ఎర్గష్ చాకులు చేసే ఉస్తా, చేయి తిరిగిన పనివాడు. ఆయన ఇంటికి ఇంకొకరి చాకు రావడమంటే తలవంపు. అందుకని కొట్లో ఉన్న సరుకంతా అమ్మేసి, ఈ పెళ్ళికోసం కొత్త చాకులు కొట్టి, ప్రతిదాని మీదా తన ముద్ర వేశాడు. ఇక మెరుగు పెట్టడమే మిగిలింది. కొలిమి మసి పట్టి అవి నల్లగా ఉన్నాయి. ఆయన నడుమేమో ఆ పొద్దుటే పట్టేసింది.

బళ్ళో కెమిస్ట్రీ చెప్పే పక్కింటి నబీ మాస్టారు గోడమీంచి తొంగిచూశాడు.

"ఏంటి ఉస్తా, అలా వంగిపోయారు?"

"మెరుగు పెట్టాలి మాస్టారూ. నడుం లేవనంటోంది."

"దానికింత అవస్థెందుకు? మా కారు బ్యాటరీలో పోయగా మిగిలిన యాసిడ్ ఉంది. నీళ్ళలో కలిపిస్తాను, పావుగంట నానబెట్టండి. మసి ఊడిపోయి అద్దంలా వస్తాయి."

ఎర్గష్ తాత ముత్తాతలు ఎవరూ ఇలాంటి పని చేసి ఎరగరు. ఆయన అటూ ఇటూ చూశాడు. "ఈ సంగతి ఎవరితోనూ అనకండి" అన్నాడు. "నేనెందుకంటాను? నా దగ్గర ఎందరి రహస్యాలో ఉన్నాయి" అన్నాడు మాస్టారు.

చాకుల్ని యాసిడ్ నీళ్ళున్న ప్లాస్టిక్ తొట్టెలో వేశాడో లేదో భార్య తోజీఖోన్ వచ్చింది. "ఏమండీ, చాకులు సరే, క్యారెట్లేవీ?" అంది. సందు చివరే బజారు కదా, ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామనుకుని ఎర్గష్ బయల్దేరాడు. బజారులో కాబోయే వియ్యంకుడు తోష్‌పులాత్ ఎదురుపడ్డాడు. ఆయనా చాకులు చేయడంలో పేరున్న ఉస్తాయే. ఇద్దరూ టీ దుకాణంలో కూర్చున్నారు. వియ్యంకుల్లో ముందు లేచినవాడు మర్యాద తెలియనివాడవుతాడు. తోష్‌పులాత్ మాటిమాటికీ వీధివైపు చూస్తున్నాడు గానీ లేవడు. ఆయన లేవకుండా ఎర్గష్ ఎలా లేస్తాడు? టీ మీద టీ వచ్చింది. చివరికి దుకాణంవాడే గ్లాసులు తీసేశాడు.

ఎర్గష్ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చాకులు వెండిలా మెరుస్తున్నాయి. కడిగి తుడిచి, ఎక్కువ నానడమే మంచిదైందని మురిసిపోయాడు.

సాయంత్రం ముంగిట్లో క్యారెట్ల గుట్ట చుట్టూ అందరూ చేరారు. మొదటి చాకు ఎదురింటి షరాఫత్ పిన్ని చేతిలో టక్కున విరిగింది. "క్యారెట్లో రాయేమైనా ఉందా?" అని పిన్ని వెతికింది. కాసేపటికి ఇంకొకటి విరిగింది, ఆ వెనకే మరొకటి. దిష్టి తగిలిందని తోజీఖోన్ ఇసిరిక్ ఆకు రాజేసి గుట్ట చుట్టూ ధూపం తిప్పింది. అందరూ దగ్గారు. దగ్గుతూ తరిగితే చాకులు మరీ తొందరగా విరిగాయి.

తన ముద్ర ఉన్న ముక్కలు క్యారెట్ల మధ్య పడుతుంటే ఎర్గష్ గబగబా ఏరసాగాడు. రేపటికల్లా ఊరంతా ఈ మాటే చెప్పుకుంటుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి గట్టిగా అన్నాడు. "నా పనిలో లోపం లేదు. ఇనుములోనే ఏదో కల్తీ ఉంది."

అప్పుడే పుచ్చకాయలు మోయించుకుని భార్యతో గుమ్మం దాటుతున్న తోష్‌పులాత్ ఆగిపోయాడు.

"బావగారూ, ఆ ఇనుము ఎవరిచ్చారు?"

ఎర్గష్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత లారీ కమాను పట్టీలు వియ్యంకుడు ప్రేమగా పంపినవే.

"అది కాదు బావగారూ..."

"మా ఇనుము కల్తీ అయితే రేపు మా అబ్బాయినీ కల్తీ అంటారు. ఆ మాటేదో ఇవాళే తేల్చేయండి."

కిటికీ తెర వెనక హుల్కర్ కాటుక పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఎర్గష్ అది చూశాడు. యాసిడ్ సంగతి చెబితే పిల్ల పెళ్ళి గట్టెక్కుతుంది, తన పేరు పోతుంది. చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఈలోగా తోష్‌పులాత్, "అదే ఇనుముతో నేనూ చేశాను. చూద్దురుగాని" అంటూ పెళ్ళి కానుకకని పెట్టుకున్న గుడ్డ మూట కారులోంచి తెచ్చి విప్పాడు. చాకులు అద్దాల్లా ఉన్నాయి. అక్కడే కూర్చుని తరుగుతున్న నబీ మాస్టారు మెల్లగా గేటువైపు జరిగాడు.

తోష్‌పులాత్ క్యారెట్ మీద చాకు పెట్టి నొక్కాడు. టక్కుమంది. పిడి ఆయన చేతిలో, అలుగు క్యారెట్లో. ఇంకోటి తీశాడు. అదీ అంతే.



"బావగారూ, వీటికింత మెరుపెలా వచ్చింది?" అన్నాడు ఎర్గష్ నెమ్మదిగా.

"మీవాటికెలా వచ్చిందో అలాగే."

ఇద్దరూ ఒక్కసారే తల తిప్పారు. మాస్టారు గేటు దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఇద్దరికీ పావుగంటనే చెప్పానా లేదా? ఎంతసేపు ఉంచారు?" అని ఆయనే ఎదురడిగాడు.

"టీ తాగినంతసేపు. ఆయన లేస్తేగా" అన్నాడు ఎర్గష్.

"నేనా? మీరు లేస్తారేమోనని నేను కూర్చున్నాను" అన్నాడు తోష్‌పులాత్.

మాస్టారికి ధైర్యం వచ్చింది. పాఠం మొదలెట్టాడు. "యాసిడ్ ఇనుముని కొరికితే హైడ్రోజన్ పుడుతుంది. పరమాణువులన్నిట్లోకీ అదే బుల్లిది. ఉక్కులో ఇనప పరమాణువుల మధ్య ఉండే సందుల్లోకి దూరి కూర్చుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. వంచబోతే మాత్రం ఉక్కు వంగడం మానేసి పెంకులా విరుగుతుంది."

"అంత చిన్నది ఇంత ఉక్కుని విరుస్తుందా?" అన్నాడు తోష్‌పులాత్.

"ఇనుముని ఉక్కు చేసే కార్బన్ మాత్రం పెద్దదా? అదీ ఆ సందుల్లో ఇరుక్కునే బాపతే. ఒకటి దూరితే మీకు పేరొస్తుంది, ఇంకోటి దూరితే పోతుంది. రొట్టెలు తీసేసిన తందూరు వేడి ఉంటుందిగా, మిగిలిన చాకులు రాత్రంతా అందులో ఉంచండి. చాలామటుకు వెళ్ళిపోతుంది."

ఇనుములో కల్తీ లేదని తేలింది. తప్పు ఇద్దరిదీ సమానమే కాబట్టి ఎవరూ ఎవర్నీ అనలేరు. ఎర్గష్ ముందు నవ్వాడు. తోష్‌పులాత్ ఆయన భుజం మీద చెయ్యేసి తనూ నవ్వాడు. తెర వెనక కాటుక పని మళ్ళీ మొదలైంది. ఇద్దరు ఉస్తాలూ మిగిలిన చాకుల్ని ఒకే రేకు మీద పేర్చి తందూర్లోకి దించారు.

"పొద్దున్నకల్లా మన చాకులు మళ్ళీ మన చాకులే" అన్నాడు ఎర్గష్.

"మరి క్యారెట్లో?" అంది తోజీఖోన్.

ఉస్తాలిద్దరూ గుట్టవైపు చూశారు. షరాఫత్ పిన్ని గొంతు సవరించుకుని తన సంచిలోంచి గులాబీ రంగు ప్లాస్టిక్ పిడి ఉన్న చాకొకటి తీసింది. ఆమె పక్కావిడ పచ్చది తీసింది. తోష్‌పులాత్ భార్య భర్త మొహం చూడకుండా తన సంచిలోంచి నీలం రంగుది తీసింది. తోజీఖోన్ వంటింట్లోకి వెళ్ళి పిండి డబ్బా వెనకనుంచి రెండు తెచ్చింది.

"ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి?" అన్నాడు ఎర్గష్.

"చాలా ఏళ్ళయిందండీ. మీరు చేసినవి వాడితే అరిగిపోతాయని గోడకి తగిలించాను" అంది ఆమె.

ఎర్గష్ వియ్యంకుడి వైపు చూశాడు. తోష్‌పులాత్ పుచ్చకాయల వైపు చూస్తున్నాడు.

చుస్త్‌లో పేరుమోసిన ఇద్దరు ఉస్తాలు వియ్యమందిన ఆ పెళ్ళి పులావులోకి క్యారెట్లు చైనా చాకులతోనే తెగాయి, చాలా సన్నగా తెగాయి.