మరమ్మతు చేయరాదు

“ఒడ్డున కుళ్ళిపోతున్న ప్రతి పడవా చరిత్ర కార్చే కన్నీటి బొట్టు!”

ఈ మహావాక్యాన్ని మా అధ్యక్షులు ప్రేమ్ కుమార్ గారు మునగాల దగ్గర హైవే దాబాలో, రొట్టెలు వచ్చేలోపు ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. మాది సూర్యాపేట చారిత్రక ఛాయాచిత్ర పరిరక్షణ సమాఖ్య. పేరు చదివేసరికే సగం మీటింగు అయిపోతుంది. అధ్యక్షులు రిటైరైన పెద్ద అధికారి. నేను కోదాడలో పెళ్ళి ఫొటోలు తీసుకుని బతికేవాణ్ణి. సమాఖ్యలో లెన్సు మూత తీసి మరీ ఫొటో తీసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు.

ఈ ఏడాది పోటీ అంశం ‘దిక్కులేని పడవలు’. హైదరాబాదు నుంచి సరళ గారనే పేరున్న ఫొటోగ్రాఫరు స్వయంగా తీరానికి వచ్చి, మా ఫొటోలను అసలు పడవతో పోల్చి చూసి బహుమతి ఇస్తారు. అందుకని పాలకీడు దాటి కృష్ణ ఒడ్డుకు పోయాం. ఒకప్పుడు అక్కణ్ణుంచి ధాన్యం పడవలు నడిచేవట. అధ్యక్షులు దాన్ని చారిత్రక తీరం అంటారు. ఊరివాళ్ళు రేవు అంటారు. తీరా పోయి చూస్తే అంత చరిత్రకూ మిగిలింది ఒక్క చెక్క పడవ! ఇసుకలో బోర్లా పడి, ఎండకు పలకలు నెర్రెలిచ్చి ఉంది.

అధ్యక్షులు చెప్పులు విడిచి దానికి దండం పెట్టారు. కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆ తుడుచుకోవడాన్ని ఫొటో తీయలేదని తెలిసి మళ్ళీ తుడుచుకున్నారు.

అంతలో తారు డబ్బా, కుంచె పట్టుకుని సాయమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపలు పట్టి బతుకుతుంది. పడవ ఆమెదే. ఎండాకాలం వాళ్ళు పడవను ఒడ్డుకు లాగి, బోర్లేసి, ఆరబెట్టి తారు పూస్తారట. మేం శవమనుకుని ఏడ్చింది నడుం వాల్చిన పడవను చూసి!

ఇంకొకరైతే సిగ్గుపడేవారు. మా అధ్యక్షులు పడలేదు. సరళ గారు వచ్చి చూసేదాకా తారు ముట్టుకోవద్దని ఆమెకు ఆజ్ఞ వేశారు.

“తారు పూస్తే చరిత్ర చచ్చిపోతుందమ్మా” అన్నారు.

“సరిత్ర సంగతి నాకెరక లేదు సారూ” అంది సాయమ్మ. “వానలు పడేలోపు పూయకుంటే సందులకెల్లి నీళ్ళు జొరబడతయి. నాకున్నదొక్కటే పడవ. ఇగ వల యాడ ఎయ్యాలె?”

జవాబుగా మరుసటి రోజు అక్కడ బోర్డు పాతాం. ‘చారిత్రక నౌక. మరమ్మతు చేయరాదు.’ కింద సమాఖ్య గుండ్రటి ముద్ర. ప్రభుత్వ ముద్రకూ దానికీ తేడా తెలియాలంటే కళ్ళద్దాలు కావాలి. అధ్యక్షుల గొంతు ఎలాగూ ప్రభుత్వానిదే. చేపలు పట్టే లైసెన్సు ఎక్కడ పోతుందోనని సాయమ్మ డబ్బా మూత బిగించేసింది.

ఇక శిథిలాన్ని అభివృద్ధి చేశాం. పడవ మీద చినిగిన వల కప్పాం. అంచున కాకి వాలితే దిగులుగా ఉంటుందని అన్నం మెతుకులు పెట్టాం. నేను ఫోకస్ చేసేలోపు కాకి తినేసి పోయింది. ఆ పక్క సర్కారు తుమ్మల వైపు నుంచి వెలుగు బాగుంటుందని నేను అటు నడవబోతే, అధ్యక్షులు నా చొక్కా పట్టుకుని లాగారు. అటు పాములున్నాయట. ఎన్నిసార్లు వెళ్ళినా అదే మాట. పాములకు కూడా సమాఖ్య సభ్యత్వం ఇచ్చారేమో అనుకున్నాను.

సరళ గారి రాక వాయిదా మీద వాయిదా పడింది. పక్క రేవులో మిగతా వాళ్ళ పడవలన్నీ తారు పూసుకుని నీళ్ళలోకి దిగాయి. మేం పోయినప్పుడల్లా మేడమెప్పుడొస్తదని సాయమ్మ అడిగేది. ఒకసారి పలకల సందులో వేలు పెట్టి చూపించింది. వేలు లోపలికి దిగిపోయింది. నాకు అధ్యక్షుల మీద ఒళ్ళు మండింది. కానీ కార్యదర్శిని కదా, మినిట్స్‌లో మంట రాయడానికి వీల్లేదు.

చివరికి మబ్బు కమ్మిన రోజున సరళ గారు వచ్చారు. సాయమ్మ అప్పటికే మూడు రాళ్ళ మీద తారు కాగబెట్టి, కుంచె పట్టుకుని నిలబడి ఉంది. సరళ గారు పడవ చుట్టూ తిరిగి, దీన్ని ఎవరు వదిలేశారని అడిగారు.

“ఇడిసిపెట్టుడేందమ్మా? నాదే. వీళ్ళు పూయనిస్తలేరు” అంది సాయమ్మ.

దిక్కున్న పడవ పోటీకి పనికిరాదని సరళ గారు తేల్చేశారు. సాయమ్మ ఇంకో మాట కోసం ఆగలేదు. కుంచె ముంచి పూయడం మొదలుపెట్టింది. అధ్యక్షుల ముఖం మాడిపోయింది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ఒడ్డున మేస్తున్న సాయమ్మ మేకలు ఒక్క పరుగున తుమ్మల్లోకి దూరాయి. ఒక మేక తల మాత్రం చాలా ఎత్తులోంచి బయటికి చూసింది. సరళ గారు కెమెరా పట్టుకుని అటు నడిచారు.

“మేడం, పాములు!” అని అరిచారు అధ్యక్షులు.

మేకలకు లేని భయం తనకెందుకని ఆవిడ కొమ్మలు పక్కకు తోశారు. లోపల పెద్ద ఫైబర్ హంస! మెడ విరిగింది, తొక్కే పెడళ్ళు తుప్పు పట్టాయి, సీట్ల మీద మేకలు. విరిగిన మెడ చోట ఒక మేక తల. హంస రొమ్ము మీద మాత్రం పాలరాతి పలక చెక్కుచెదరలేదు. ‘పర్యాటక హంస నౌక. ప్రారంభకులు: శ్రీ ప్రేమ్ కుమార్ గారు.’

ఆయన ఉద్యోగంలో ఉండగా రిబ్బను కత్తిరించిన సాయంత్రం తర్వాత అది మళ్ళీ నీళ్ళు చూడలేదట. మేకలు తడవకుండా ఉంటాయని సాయమ్మే దాన్ని వాడుకుంటోంది. సరళ గారు మోకాళ్ళ మీద కూర్చుని, పలక స్పష్టంగా పడేలా లెన్సు సరిచేసుకుంటున్నారు.

అప్పుడు మా అధ్యక్షులు ఆ వయసులో ఎలా పరుగెత్తారో! వేడి తారు డబ్బా, కుంచె ఎత్తుకొచ్చి పలక మీద పూయబోయారు. సాయమ్మ వెనకే వచ్చి కుంచె లాక్కుంది.

“వద్దు సారూ” అంది. “తారు పూస్తే సరిత్ర సచ్చిపోతదని మీరే సెప్పిన్రు గద.”

కెమెరా క్లిక్‌మంది. సాయమ్మ డబ్బా తీసుకుని తన పడవ దగ్గరికి పోయింది. నేను మా బోర్డు పీకి తెచ్చి హంస ముందు పాతాను.