ఓడితే ఇరవై పాయింట్లు

శ్రీనగర్ కాలనీలో ఒకాయన ఇంట్లో కూర్చుని ప్రపంచ టెన్నిస్ ఆటగాళ్లకు సొంతంగా ర్యాంకులు వేసేవాడంటే నవ్వకండి. అది లోకకల్యాణం! ఆ పనికి విదేశాల్లో కంప్యూటర్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ దానికి గెలుపూ ఓటమీ తప్ప మనిషి కనబడడు. ఆ లోటు తీర్చడానికే త్రినాథరావు పూనుకున్నాడు.

త్రినాథరావు సినిమాల్లో అసోసియేట్ డైరెక్టర్. తెనాలి నుంచి మద్రాసుకీ, పరిశ్రమ వెంట మద్రాసు నుంచి హైదరాబాదుకీ వచ్చాడు. ఈలోగా అతని దగ్గర క్లాప్ కొట్టిన కుర్రాళ్లు డైరెక్టర్లయ్యారు, ఫిల్మ్ నగర్‌లో ఇళ్లు కట్టారు. త్రినాథరావు మాత్రం అసోసియేట్‌గానే నిలకడగా ఉన్నాడు. షూటింగులో ఎవరు తప్పు చేసినా తిట్లు తనే తింటాడు. ఎదురు చెప్పడు. అలాంటివాణ్ణి ఎవరు ప్రేమించరు!

ఎనభయ్యో దశకం చివర్లో ఒక జూన్ సాయంత్రం, టీవీలో వింబుల్డన్ వస్తోంది. ఎవరో స్వీడన్ కుర్రాడు. అతను కొట్టిన బంతి సరిగ్గా లైను మీద పడింది. అంపైర్ అవుటన్నాడు. కుర్రాడు కిక్కురుమనకుండా తన చోటికి తాను వెళ్లి నిలబడ్డాడు. ఆఖరికి ఓడిపోయాడు. కంప్యూటర్ లెక్కలో అతని స్థానం వందకి అవతల.

"ఇదెక్కడి న్యాయం!" అని త్రినాథరావు మర్నాడే బ్లాక్‌బోర్డు కొనుక్కొచ్చి హాల్లో తగిలించాడు.

అంపైర్ అన్యాయాన్ని నోరెత్తకుండా భరిస్తే ఐదు పాయింట్లు. అందని బంతి కోసం పరుగెత్తితే మూడు, మోకాలు చెక్కుకుపోతే ఇంకొకటి. ఐదు సెట్లూ ఆడి ఓడిపోయి, నవ్వుతూ చెయ్యి కలిపితే ఏకంగా ఇరవై! రాకెట్ విసిరికొడితే పది కోత. మరి గెలిస్తే? సున్నా.

సీజన్ ముగిసేసరికి ప్రపంచ చాంపియన్ ఎక్కడో అడుగున తేలాడు. స్వీడన్ కుర్రాడు నంబర్ వన్.

"గెలిచినవాడికి ఒక్క పాయింటైనా ఇవ్వరా?" అంది భార్య రాజ్యలక్ష్మి.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు పోచయ్య మ్యాచ్ ఉన్నప్పుడల్లా పైకొచ్చి కూర్చునేవాడు. ఆయనే జవాబిచ్చాడు. "గెలిచినోనికి కప్పు ఇచ్చిండ్రు గదమ్మా. మల్ల పాయింట్లు గూడ ఎందుకు? ఓడినోనికి జర ఏదన్న ఉండాలె గద!"

"ఆ పాయింట్లతో ఏం చేసుకుంటాడండీ, పాపం?"

త్రినాథరావు టీవీ సౌండు పెంచాడు.

వార్త ఫిల్మ్ నగర్ అంతా పాకింది. సినిమాలు ఆడని డైరెక్టర్లకు ఈ పద్ధతి విపరీతంగా నచ్చింది. వరసగా నాలుగు ఫ్లాపులు మూటగట్టుకున్న ఓ హీరో వచ్చి బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు!

చివరికి నిర్మాత వీరరాఘవయ్యే స్వయంగా వచ్చాడు. త్రినాథరావు ఏళ్ల తరబడి పనిచేస్తున్నది ఆయన కంపెనీలోనే. ఆయన కొత్త పిక్చర్‌కి డైరెక్టర్ కోసం చూస్తున్నాడని అప్పటికే అందరికీ తెలుసు. రాజ్యలక్ష్మి చేతిలోంచి కాఫీ అందుకుని త్రినాథరావు తనే ఇచ్చాడు.

వీరరాఘవయ్య బోర్డంతా చదివాడు. "అద్భుతమయ్యా! ఈ లెక్కన మన డైరెక్టర్లకీ, అసోసియేట్లకీ ర్యాంకులు వేస్తే ఎవరు ఫస్టు?"

త్రినాథరావు ఆ లెక్క మనసులో ఎప్పుడో వేసుకున్నాడు. "నేనేనండీ," అన్నాడు మెల్లగా.

వీరరాఘవయ్య లేచి గట్టిగా కౌగలించుకున్నాడు. "నూటికి నూరుపాళ్లు నిజం! అందుకే పిక్చర్ వేరే కుర్రాడికిచ్చాను. నీకిచ్చి, అది కాస్తా ఆడిందనుకో, గెలుపుకి సున్నాయే కదా? నీ ర్యాంకు పడిపోదూ? ఆ పాపం నాకెందుకయ్యా! అసోసియేట్‌గా మాత్రం నువ్వే ఉండాలి."

గమనించారా? మంచివాడికి అవకాశం ఇవ్వాలంటే పెట్టుబడి కావాలి. ర్యాంకు ఇవ్వాలంటే సుద్దముక్క చాలు!

రాజ్యలక్ష్మి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా అరిచాడు త్రినాథరావు.

"ఇవ్వను అని చెప్పండి సార్, వింటాను! నా లెక్క తీసి నా మొహానే కొడతారా? మీ పిక్చర్లలో సగం షాట్లు నేను తీసినవి. డైరెక్టర్లు కుర్చీల్లో నిద్రపోతుంటే తీశాను. ఈ పిక్చర్ కాకపోతే ఇంకోటివ్వండి. లేదంటే అసోసియేట్‌ని వేరే ఎక్కడన్నా వెతుక్కోండి!"

కింది నుంచి పోచయ్య కేకేశాడు. "ఏందమ్మా ఆ లొల్లి?"

"ఏం లేదు పోచయ్యగారూ," అంది రాజ్యలక్ష్మి వెలిగిపోతున్న మొహంతో. "మా వారు మాట్లాడుతున్నారు!"

వీరరాఘవయ్య కాఫీ సగంలో వదిలేసి కారెక్కాడు. కానీ దారి పొడుగునా ఆ సగం షాట్ల సంగతే ఆలోచించాడు. ఇక మీద అవెవరు తీస్తారు? వారం తిరక్కుండా కబురు పెట్టాడు. స్టార్లు లేని చిన్న పిక్చర్. పోస్టర్ మీద దర్శకుడిగా త్రినాథరావు పేరు పడింది. బొమ్మ బ్రహ్మాండంగా ఏమీ ఆడలేదు. ఇంకో పిక్చర్ వచ్చేటంత ఆడింది.

పరిశ్రమలో మాత్రం ఒక గొప్ప మనిషి తగ్గిపోయాడు. ఇప్పుడు ఎవరు త్రినాథరావు పేరెత్తినా వీరరాఘవయ్య నిట్టూరుస్తాడు.

"ఒకప్పుడు ఎంత మంచివాడండీ! డైరెక్టరయ్యాక పాడైపోయాడు."