మూడు జతల త్రీడీ అద్దాలు

విశ్వాన్ని కాపాడటం పెద్ద పనేమీ కాదు. విశ్వాన్ని చూపించే త్రీడీ అద్దాలను కాపాడటమే మహాకార్యం. ఈ సత్యాన్ని కోరుట్లలోని ఒక థియేటర్ వారు ముందే గ్రహించి, ఏకంగా అద్దాల విభాగాన్నే నెలకొల్పారు. దాని అధిపతి రామస్వామి గారు (సైకిల్ స్టాండు కూడా వారి పరిధిలోనిదే).

కోట్లు పోసి తీసిన ఒక అంతరిక్ష చిత్రానికి రచన పెళ్లయిన ఇరవై రెండో రోజున వచ్చింది. వెంట భర్త మహిపాల్, అత్త కనకవ్వ. సోమవారం మహిపాల్ మస్కట్ విమానం ఎక్కాలి.

"అద్దాలు కావాల్నంటే ఆధార్ ఒరిజినల్ పెట్టాలె. జిరాక్స్ నడువది," అన్నారు రామస్వామి గారు.

ఆధార్ బుగ్గారంలో, ఇంట్లో ఉంది. జేబులో ఉన్నది టికెట్ పని మీద తెచ్చిన పాస్‌పోర్టు. మస్కట్‌లో కంపెనీ అడగ్గానే అప్పజెప్పిన అలవాటు కొద్దీ, మహిపాల్ దాన్ని మారుమాట లేకుండా తీసిచ్చాడు. రామస్వామి గారు రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో పెట్టారు. మూడు జతలు చేతికొచ్చాయి.

సినిమా మొదలైంది. గ్రహాలు పేలి ముక్కలు ఒళ్లో పడ్డాయి. తోకచుక్క ఒకటి ముక్కు దాకా వచ్చేసరికి రచన కెవ్వుమని మహిపాల్ చెయ్యి పట్టుకుంది (తోకచుక్క వెళ్లిపోయాక కూడా వదల్లేదు, దీనిపై నిబంధనేదీ లేదు). కథ మాత్రం గంటన్నరకు గానీ దొరకలేదు: మానవజాతి కోసం హీరో, భార్యను వదిలి, పదకొండేళ్ల పనికి వేరే గ్రహానికి వెళ్తాడు.

"గక్కడ రూము కంపెనీదేనా?" అడిగింది కనకవ్వ.

"గది సినిమా అవ్వా," అన్నాడు మహిపాల్.

"సినిమా అయితేంది? నడుమ సెలవు ఇయ్యరా?"

"ఇయ్యరట."

"గట్లయితే ఎందుకు పోవుడు? మానవజాతికి ఇంకో మనిషే దొర్కలేదా?"

రాకెట్ లేచింది. హాలంతా ఈలలు. అద్భుతమైన దృశ్యమే, ఆ పొగలో హీరో భార్య మొహం కనిపించలేదు, అంతే. రచన కళ్లు తుడుచుకోవడానికి అద్దాలు తీసింది. అవి మళ్లీ కళ్లకు చేరలేదు. హ్యాండ్‌బ్యాగులోకి, కర్చీఫు కిందికి చేరాయి.

ఆట ముగిశాక బయట రామస్వామి గారు అద్దాల కోసం చెయ్యి చాచారు.

"నాయి కనవడ్తలేవు," అంది రచన, నేల చూపులు చూస్తూ.

వారు గోడ మీది నాలుగో నిబంధన చదివి వినిపించారు: అద్దాలు పోయిన యెడల విచారణ ముగియు వరకు గుర్తింపు పత్రం నిలిపివేయబడును. రుసుము స్వీకరించబడదు. విచారణకు జతకు పది పని దినాలు.

"నాయి గూడ లెవ్వు తమ్మీ," అంది కనకవ్వ, ఉబ్బెత్తుగా ఉన్న కొంగు మూటను బొడ్లో దోపుకుంటూ.

రచన అత్త వైపు చూసింది. అత్త ఫ్యాను వైపు చూసింది. తర్వాత ఇద్దరూ మహిపాల్ వైపు తిరిగారు. అతని చొక్కా జేబులోంచి అద్దాల పుల్ల ఒకటి బయటికి కనబడుతోంది.

"నాయి గూడ పోయినట్టే ఉన్నయన్నా," అన్నాడు మహిపాల్.

రామస్వామి గారు ఆ జేబు వంక చాలాసేపు చూశారు. తర్వాత ఫారం తీసి, 'మూడు' అని రాశారు.

మూడు జతలు, ముప్పై పని దినాలు. ఆదివారాలు లెక్కలోకి రావని వారు విచారంతో తెలియజేశారు. ముగ్గురూ విచారంతోనే విన్నారు.